విడిచిన కళను మరల చేపట్టుట

మన యిండ్లలో ఆడుపిల్లకు పెండ్లి కుదిరినపుడు పుట్టినింటినుండి మెట్టినింటికి వెళ్ళవలసిన సామానుల జాబితా యొకటి వ్రాయుదురు. అందు ఇత్తడి బిందెలు, పట్టుచీరలు, పసుపు కుంకుమల భరిణెలు మొదలుగా సమస్తమును లెక్కకు వచ్చును. పుట్టినింటి అటకమీద మిగిలిపోవు సామానుల జాబితాను మాత్ర మెవ్వరును వ్రాయరు. అందు వీణ యుండవచ్చును, రంగుల పెట్టె యుండవచ్చును, సగము కుట్టి వదలిన పనితనము గల గుడ్డ యుండవచ్చును. పిల్ల తనంతట తానే వానిని మరచినదని పెద్దలు తలంతురు. కొంతకాలమునకు పిల్లయు నట్లే తలంచును.

గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము నన్ను ఈ నెల యీ సంగతి వ్రాయుటకు పురికొల్పినది. ఆమెకు అరువది యొకటవ యేడు. బాల్యమున ఆమె అన్నగారి యొద్ద ఒక క్లిక్ త్రీ కెమెరా యుండెడిది. అది అగ్ఫా పేర మన దేశముననే తయారై, ఒకప్పుడు మధ్యతరగతి యిండ్లలో నెల్లెడల కానవచ్చిన నల్లని చిన్న పెట్టె. ఒక ఫిలిము చుట్టకు పండ్రెండు బొమ్మలు. పట్నమున చదువుకొనుచుండిన అన్నగారు సెలవులకు వచ్చినపుడు చెల్లెలికి దానిని పట్టుకొను తీరు నేర్పెను. తరువాత అది చెల్లెలి చేతనే నిలిచిపోయినది. కోనేటి మెట్లు, వడ్లు తూర్పారబట్టుచున్న కూలివారు, దొడ్డిలోని దూడ, తలంటుకొని అరుగుమీద జుట్టు ఆరబెట్టుకొనుచున్న మేనత్త, ఇవి యన్నియు తీసితినని ఆమె వ్రాసినది. 1984లో వివాహమైనది. కెమెరా అటక యెక్కినది. "అక్కడ నీకెందుకమ్మా, కావలసినప్పుడు స్టూడియోవా రుందురు గదా" యని తల్లి యనెనట. అందులో కోపము లేదనియు, అది నిజమే గదా యని తానును అనుకొంటిననియు సోదరి వ్రాసినది.

ఈ యేడు కుమారుడు ఆమెకు మంచి కెమెరా గల సెల్‌ఫోను కొని యిచ్చినాడు. చేతికి తీసికొనగానే తాను ఎవరితోను మాటలాడుట మాని, వెలుతురు ఏవైపునుండి వచ్చుచున్నదో వెదకితినని ఆమె వ్రాసిన వాక్యమును నేను రెండుమార్లు చదివితిని. కాని యింటిలోనివారు నవ్వుచున్నారు. కోడలు మంచి పిల్లయే. ఆమె నవ్వులో ద్వేషము లేదు. "అత్తయ్యగారు ఫొటోలు తీయువారైనా" రని వచ్చినవారికెల్ల చెప్పును. భర్తగారు మాత్రము "ఈ వయసున నెందుకు, నలుగురు చూచిన బాగుండ" దనుచున్నారు. ఈ వయసున నిది తగునా యనియు, నలుబది యేండ్లు విడిచిన పని మరల చేతికి వచ్చునా యనియు ఆమె యడిగినది. పాత కెమెరాను గూర్చి మరియొక ప్రశ్నయు కలదు. దానిని చివర చెప్పెదను.

తగునా యను ప్రశ్నకు సమాధానము మన గ్రంథములలోనే యున్నది. ఉషాపరిణయ కథ మీ రందరు నెరిగినదే. కలలో చూచిన పురుషు డెవడో తెలియక ఉష పరితపించుచుండగా, బాణాసురుని మంత్రికూతురు చిత్రరేఖ దేవ గంధర్వ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము వచ్చినంతనే ఉష గుర్తించెను. ఒక ముఖమును మనసున నిలిపి, ఇంకొకరు గుర్తింపగల రూపమున దానిని వెలికి తెచ్చుట చిత్రరేఖ పని. కెమెరా పట్టినవారి పనియు దానికి దూరము కాదు. అది చెలికత్తెకు తగిన పని కాదని ఆ కథలో నెవ్వరును అనలేదు.

భవభూతి ఉత్తరరామచరితము మొదటి యంకమున చిత్రదర్శన ఘట్టము కలదు. పట్టాభిషేకమైన పిమ్మట లక్ష్మణుడు సీతారాములకు వారి గత చరిత్రము వ్రాసిన చిత్రములను ఒక్కొక్కటిగా చూపుచు వచ్చును. మిథిలలో పెండ్లినాటి చిత్రము వచ్చినపుడు అతడు వదినగారిని చూపును, మాండవిని చూపును, శ్రుతకీర్తిని చూపును. తన భార్య యగు ఊర్మిళను మాత్రము దాటవేయును. మిగిలిన యీమె యెవరో చెప్పవేమని సీత మరదిని మేలమాడగా, అతడు సిగ్గుపడి మాట మార్చి పరశురాముని చిత్రమునకు పోవును. చిన్ననాడు మా తాతగారు ఈ ఘట్టము చెప్పునపుడు నాకు నవ్వు వచ్చెడిది. ఇప్పుడు ఇంటి ఆల్బములను త్రిప్పునపుడెల్ల అదే జ్ఞప్తికి వచ్చును గాని నవ్వు రాదు. మన యిండ్ల చిత్రములలో ఊర్మిళలు చాలమంది కలరు. కొందరు చిత్రమునందే లేరు. కొందరున్నను, వారు నిజముగా నెట్లుండిరో అట్లు లేరు.

మా యింట మా అమ్మమ్మ ఫొటోలు నాలుగు కలవు. నాలుగింటను ఆమె పట్టుచీర కట్టి కుర్చీలో కదలక కూర్చున్నది. నే నెరిగిన అమ్మమ్మ పగటివేళ కూర్చుండుట యరుదు. ఆవకాయ జాడీకి వాసెన గట్టునపుడు తాడును పంటితో పట్టి బిగించెడిది. ఆ సమయమున ఆమె కనుబొమలు ముడిపడు తీరు నాకు తెలియును, మా పిల్లలకు తెలియదు, ఇక తెలియు మార్గమును లేదు. ఆ చిత్రములు తీసిన స్టూడియోవారి తప్పేమియు లేదు. వారు పిలిచిన నాడు వచ్చిరి, కూర్చుండబెట్టిరి, తీసిరి. ఆవకాయ పెట్టు దినమున వారి నెవ్వరు పిలుతురు?

స్టూడియోవా రుందురు గదా యన్న తల్లిగారి మాటకు చరిత్రమున నొక చక్కని ప్రత్యుత్తరము కలదు. లాలా దీన్‌దయాళ్‌గారి పేరు హైదరాబాదు వారికి క్రొత్త కాదు. 1844లో పుట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారి ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదము నందిన పురుషుడాయన. మహారాజులను, కోటలను, సైనిక విన్యాసములను తీయగలిగిన ఆయన కెమెరాకు ఘోషా గల యిండ్ల అంతఃపురద్వారము తెరచుకొనలేదు. అందుచేత 1892లో ఆయన హైదరాబాదున స్త్రీల కొరకు ప్రత్యేకముగా నొక జనానా స్టూడియో స్థాపించి, దానిని కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. పురుషుల కంట పడకుండ స్త్రీలు అచటికి వచ్చి, స్త్రీ చేతనే చిత్రములు తీయించుకొనిరి. ఎంతటి నిపుణుడైనను పురుషుడు చేరలేని చోటు లోకమున సగ మున్నదని ఆయన గ్రహించెను.

ఇప్పుడు మనకు ఘోషా లేదు. అయినను తెల్లవారుజామున పొయ్యి వెలిగించు వేళ వంటిల్లు, పురిటిగది, మధ్యాహ్నము భోజనములైన పిమ్మట ఆడువారు కాళ్ళు చాపుకొని మాటలాడుకొను వెనుక వసారా, ఇవి యెంత డబ్బిచ్చినను స్టూడియోవారి కంటికి దొరకవు. వారు అడుగు పెట్టినంతనే కొంగులు సర్దుకొందురు, మాటలు ఆగిపోవును, వసారా వసారాగా నుండదు. ఆ చోటులలో ఎవరి రాకవలన ఏమియు మారదో, వారే అచటి చిత్రములు తీయగలరు. నలుబది యేండ్లు ఆ యింటిలో తిరిగిన సోదరికి ఆ యర్హత సంపూర్ణముగా నున్నది. పందొమ్మిదేండ్లనాడు ఆమెకు లేనిది ఇదియొక్కటియే.

భర్తగారి యాక్షేపణను గూర్చి నే నెక్కువ వ్రాయరాదు, పరుల సంసారము. కాని జూలియా మార్గరెట్ కామెరన్ చరిత్రమును వారికి చదివి వినిపింపవచ్చును. ఆమె 1815లో కలకత్తాలో కుంపిణీ యుద్యోగి యింట పుట్టి, అచటనే 1838లో ఛార్లెస్ హే కామెరన్ అను న్యాయశాస్త్రవేత్తను పెండ్లాడినది. ఛాయాచిత్రకళ పుట్టిన క్రొత్తలో, 1842 ప్రాంతమున, ఖగోళశాస్త్రజ్ఞుడగు సర్ జాన్ హెర్షెల్ స్నేహముచేత ఆ కళ మాదిరులను ఆమెకు పంపెను. వానిని చూచి ఆమె ముగ్ధురాలైనది. అంతట పిల్లలు, సంసారము, ఇంగ్లండునకు ప్రయాణము, అతిథులు. ఇరువది యేండ్లకు పైగా కడచినవి. 1863 క్రిస్మసునకు కుమార్తెయు అల్లుడును ఆమెకు కెమెరా నొకదానిని కానుక యిచ్చిరి. అప్పటికి ఆమెకు నలుబదియెనిమిదేండ్లు. ఇప్పటి లెక్కకు అది పెద్ద వయసు కాకపోవచ్చును. ఆనాటి లెక్కకు అమ్మమ్మ వయసు.

ఆమె బొగ్గులకొట్టును చీకటిగదిగ చేసెను. కోళ్ళను వదలివేసి, కోళ్ళగూటికి గాజుతలుపులు పెట్టించి స్టూడియోగ మార్చెను. ఆ కాలపు పద్ధతి మనవలె వ్రేలు తాకించుట కాదు. గాజుపలకపై కొలోడియన్ అను ద్రవమును పోసి, వెండిలవణముల నీటిలో ముంచి, తడి యారకమునుపే కెమెరాలో నుంచి తీసి, తడి యారకమునుపే చీకటిగదిలో కడుగవలెను. ఎదుట కూర్చున్నవారు నిమిషముల తరబడి కదలరాదు. ఆ వెండినీరు సోకినచోట నల్లని మచ్చలు పడును; అవి చాకలికిని పోవు. తడిపలకలు పట్టుకొని భోజనశాలకు పరుగెత్తుటవలన బల్లగుడ్డలు లెక్కలేనన్ని పాడైనవనియు, ఇంతకంటె ఓర్పు తక్కువ యింటిలోనైనచో తనను వెళ్ళగొట్టియుందురనియు ఆమె 1874లో వ్రాసికొన్న జ్ఞాపకములలో చెప్పుకొన్నది. ప్రతి పలకను భర్తకు చూపి ఆయన మెచ్చుకోలు వినుట ఆమెకు నిత్యకృత్యము. ఆయన ఆమెకంటె ఇరువది యేండ్లు పెద్ద. తెల్లని గడ్డము గల ఆ వృద్ధుని ఆమె మెర్లిన్ అను మాంత్రికుని వేషమున నిలిపి తీసినది. మన సోదరియు మొదటి చిత్రమును భర్తగారిదే తీయునని ఆశింతును. వార్తాపత్రిక చదువుకొనుచున్నప్పుడు, చెప్పకుండ తీయుట కాదు, చెప్పియే తీయవలెను.

వృత్తినిపుణులు కామెరన్‌గారి చిత్రములను మసకగ నున్నవని యెద్దేవ చేసిరి. అయినను 1865లోనే లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు వానిని కొని పెట్టుకొనిరి. ఆమె చిత్రములలో కన్యమరియగా పలుమార్లు నిలిచినది ఇంటి పరిచారిక మేరీ హిల్లియర్. ఆ పూటలలో వంటింటి పని యెవరు చేసిరో యని నా కొక చిన్న సందేహము.

ఇక చేయి మరల వచ్చునా యను ప్రశ్న. దీనికి అమెరికా దేశపు ఇమొజెన్ కనింగ్‌హామ్ జీవితము నాకు చాల యిష్టమైన సమాధానము. 1883లో పుట్టి, విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదివి, జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున విద్య ముగించుకొని వచ్చి, 1910లో సియాటిల్ నగరమున సొంత స్టూడియో పెట్టిన యువతి యామె. 1915లో వివాహము. ఆ యేడే యొక కుమారుడు, 1917లో కవలలు. రెండేండ్లు నిండకముందే ముగ్గురు మగపిల్లలు! స్టూడియో మూతపడినది, కాపురము కాలిఫోర్నియాకు మారినది. భర్త కళాశాలలో చిత్రకళ బోధించు ఉపాధ్యాయుడయ్యెను. ఉపాధ్యాయుని భార్యగా నాకు ఆ యింటి జీతపు రాళ్ళ లెక్క కొంత యూహకు అందును.

ఆమె చేసిన పని చూడుడు. పిల్లలను వదలి గడప దాటుటకు వీలులేదు. పెరటిలో మొక్కలున్నవి. పిల్లలు నిద్రించు వేళ పువ్వులను, ఆకులను తీయనారంభించెను. చిన్నపిల్లలతో పెరడు దాటలేకనే మొక్కలవంక మరలితినని తరువాతి కాలమున ఆమెయే చెప్పినది. 1925 ప్రాంతమున తీసిన మాగ్నోలియా పుష్పపు చిత్రము నేడు ప్రపంచమున పేరుపొందినది. పువ్వు నడుమనున్న దుద్దును, కేసరములను రేకులు పరదాలవలె చుట్టుకొనియుండగా, ఆ రేకుల తెలుపులో ఎన్ని తెలుపులున్నవో ఆ చిత్రము చూచినపుడు తెలియును. 1932లో ఆ ప్రాంతపు ఉత్తమ ఛాయాచిత్రకారులు కొందరు ఎఫ్-64 అను సంఘముగా నేర్పడినపుడు ఆమె యందొకతె. తొంబదియేండ్లు దాటిన పిమ్మట, తనవలెనే తొంబది దాటినవారి రూపములను తీయు పని మొదలుపెట్టి, ఆ పనిలో నుండగనే 1976లో, తొంబదిమూడవ యేట కన్నుమూసెను.

పెరటిలో గడచిన యేండ్లు ఆమె చూపును మొద్దుబార్చలేదు. ఈ మాట మన గృహిణులకును చెల్లునని నా నమ్మకము. బియ్యములో రాయిని, చింతపండులో పీచును, పిల్లవాని ముఖమున జ్వరమును పదిమందికంటె ముందు చూచిన కన్ను చూచుట మరచునా? మరచునది వ్రేళ్ళు మాత్రమే, అదియు యంత్రము మారుటచేత.

విడుచుటలోనే భేదమున్నదని యొక మాట చెప్పవలెను. మన దేశపు మొదటి స్త్రీ వార్తాఛాయాచిత్రకారిణి హోమాయ్ వ్యారావాలా 1913లో నవసారిలో పుట్టి, 1942నుండి ఢిల్లీలో పనిచేసి, స్వాతంత్ర్యము వచ్చిన నాటి మహాఘట్టములను తీసినది. తొలినాళ్ళలో ఆమె తీసిన చిత్రములు భర్తగారి పేర అచ్చైనవి. అయినను మూడు దశాబ్దులు పనిచేసి, భర్త మరణించిన మరుసటి యేడు, 1970లో, కొత్తతరపు ఛాయాచిత్రకారుల ప్రవర్తన రుచింపక కెమెరాను విడిచెను. మరల పట్టలేదు. 2011లో పద్మవిభూషణ పురస్కారము నంది, 2012లో గతించెను. ఆమె ఎందుకు మరల పట్టలేదని నేను విచారపడను, తానై విడిచినది. అటకమీద పెట్టబడిన కెమెరా సంగతి వేరు.

ఇప్పుడు చేతిపని. సోదరికి చేయి కొంచెము వణకునట. మోచేతులు రెండును ప్రక్కటెముకలకు ఆనించి, ద్వారబంధమునకు భుజము చేర్చి, ఊపిరి వదలిన పిమ్మట తీయవలెను. అప్పటికిని వణకినచో ఫోనును కందిపప్పు డబ్బాకు చేరగిల నిలిపి, రెండు సెకండ్ల గడువు పెట్టి తీయవచ్చును. వ్రేళ్ళతో బొమ్మను సాగదీసి పెద్దది చేయుటకంటె రెండడుగులు ముందుకు నడచుట మేలు. వంటింటిలో తీయునపుడు ముందుగా లెన్సును మెత్తని పాత నూలుగుడ్డతో తుడువవలెను. పిండియు, పోపు చమురును దానిమీద పొరగట్టి చిత్రమంతయు మంచు పట్టినట్లు కనబడును. చాలమంది ఫోను చెడినదని తలంచుట కిదియే కారణము.

వెలుతురుకు కిటికీయే గురువు. ఎండ నేరుగా పడని కిటికీని చూచి, మనిషిని దానికి ప్రక్కగా, చేరెడు దూరమున కూర్చుండబెట్టుడు. కిటికీ మనిషి వెనుక నుండరాదు, ముఖము నల్లబడును. ముఖమునకు ఆవలివైపు నీడ మరీ దట్టముగ నున్నచో, ఉతికిన తెల్లని పంచె నొకదానిని పిల్లలెవరైన అటువైపు పట్టిన చాలును, నీడ మెత్తబడును. ఫోనులోని మెరుపుదీపమును ఆర్పివేయుడు. ఆ దీపము ముఖములోని ముడుతల నన్నింటిని చెరపి, మనిషిని గోడకు అంటించిన బొమ్మవలె చేయును.

మరియొక మాట. ఫోనులో వేయి బొమ్మలు పట్టును గనుక వేయి తీయుట పాడి కాదు. సోదరి క్లిక్ త్రీతో నేర్చినది, చుట్టకు పండ్రెండే. ఇప్పుడును వారమునకు పండ్రెండని నియమము పెట్టుకొన్నచో, తీయుటకు ముందు చూచు అలవాటు తిరిగి వచ్చును. ఆ పండ్రెండింటిలో నెలకు నాలుగైదు కాగితముమీద అచ్చు వేయింపవలెను. ఫోను నీట పడిన నాడు అందలి బొమ్మలన్నియు పోవును. అచ్చువేయించిన దాని వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండ, మనిషి పేరు, ఊరు, తేదీ వ్రాయవలెను. జిగురు పుటల ఆల్బములు వలదు. పదేండ్లకు బొమ్మ ఆ జిగురుకు కరచుకొని, తీయబోయిన చిరుగును.

ఈ యుత్తరము వచ్చిన తరువాత నేను మా అత్తగారిని తీయ నుద్యమించితిని. మధ్యాహ్నము రెండు గంటల వేళ ఆమె వెనుక వసారాలో కూర్చుండి వత్తులు చేయుచుండెను. "వద్దే అమ్మాయీ, జుట్టు చెదిరియున్నది, చీర మార్చుకొని వత్తు" ననెను. అట్లే రండంటిని. ఆమె చీర మార్చుకొని, బొట్టు దిద్దుకొని వచ్చి, చేతులు ఒడిలో పెట్టుకొని బిగిసి కూర్చుండెను. ఆ చిత్రము తీసితిని. అది ఆమెకు కావలసిన చిత్రము. దానిని కాదనుటకు నే నెవరిని? తీసిన పిమ్మట ఫోను ప్రక్కన పెట్టి, నేనును కొంత దూది తీసికొని వత్తులు చేయనారంభించితిని. పావుగంటకు ఆమె బిగువు సడలి, తన పుట్టినింటి పెరటిలోని ప్రత్తిచెట్టు సంగతి చెప్పుచు వత్తి నొకదానిని వెలుతురు వైపు ఎత్తి చూచెను. "ఇప్పుడు తీయనా?" యని యడిగితిని. "నీ యిష్ట" మనెను. రెండు చిత్రములును అచ్చువేయించి యిచ్చితిని. మొదటిదానిని ఆమె దేవుని గూటి ప్రక్కన పెట్టినది. రెండవదానిని ఎక్కడ పెట్టినదో నాకు చెప్పలేదు గాని, మా ఆడుబిడ్డ వచ్చినపుడు తన పెట్టెలోనుండి తీసి చూపినది.

ఇంటి పనికి వచ్చువారిని, వీధిలో కూరలమ్మువారిని తీయునపుడును అడిగియే తీయవలెను. తీసినచో ఒక ప్రతిని వారికీయవలెను. వారి యిండ్లలో బొమ్మలు మన యిండ్లలోకంటె తక్కువ.

ఇక సోదరి మూడవ ప్రశ్న. మొన్న పుట్టినింటి పాత యిల్లు విప్పునపుడు క్లిక్ త్రీ కెమెరా దొరికినదట. అన్నగారి కుమారుడు దానిని పంపినాడు. వెనుకనున్న ఎర్రని గవాక్షమునుండి చూడగా 7 అంకె కనబడుచున్నది. లోపల చుట్ట యున్నది! తెరచి చూడవచ్చునా యని యడిగినది.

అమ్మా, తెరువవద్దు. వెలుతురు సోకిన క్షణమున లోపలి దంతయు పోవును. ఏడవ బొమ్మ తీసి త్రిప్పుట మరచిరో, తీయుటకు సిద్ధముగ నుంచిరో ఇప్పుడు మీకు జ్ఞాపకముండదు గనుక ఆ యంకెపై మరల తీయవద్దు; తీసినచో రెండు రూపములు ఒకదానిపై నొకటి పడవచ్చును. ఎండ తగులని చోట కూర్చుండి, మీటను మెల్లగ త్రిప్పి 8 తెచ్చుకొనుడు. పాత ఫిలిము పెళుసెక్కియుండును, తొందరపడిన చిరుగును. నలుపు తెలుపు చుట్ట యైనచో, పొడిచోట నుండినయెడల, తీసిన ఆరేడు బొమ్మల గుర్తులు నలుబది యేండ్ల తరువాతను మసకమసకగ నైనను రావచ్చును. తేమ తగిలియుండిన రాకపోవచ్చును. రంగుల చుట్ట యైనచో ఆశ యింకను తక్కువ. ఎట్లైనను, పాత చుట్టలను కడుగుటలో అనుభవము గల వారికే యిండు. వీధి చివరి దుకాణమున వలదు. చుట్ట పూర్తియైన పిమ్మట చీకటిలో తీసి, దాని కాగితము సడలకుండ బిగించి, నల్లని కాగితమున చుట్టి, డబ్బాలో పెట్టి పంపవలెను.

8 మొదలు 12 వరకు అయిదున్నవి. ఫిలిము బలము తగ్గియుండును గనుక నిండు ఎండలో తీయుడు. వచ్చునని నమ్మకము లేదు. ఎటులను కడుగబోవు చుట్టయే గనుక నష్టమును లేదు. అందు నాలుగు మీరు తీయుడు. ఒకదానికి కెమెరాను కోడలి చేతికిచ్చి, పట్టుకొను తీరు నేర్పి, మీరు ఎండలో నిలువుడు.